ఆటు పడే వేళ

అచ్యుతరావు మోటారు బేరింగు మీద అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు ఆనించాడు. గోరువెచ్చగా ఉంది, ఫరవాలేదు. వంగి, ఇరుసు బయటికొచ్చే చోట బిగించిన గ్లాండు దగ్గర దీపం పట్టాడు. నీళ్ళు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి. రాలాలి. అక్కడ చుక్క ఆగిందంటే లోపల ఇరుసు మాడుతున్నట్టు. నూనెగుడ్డతో పైపు అతుకు తుడిచి, గుడ్డను మళ్ళీ మేకుకు తగిలించి, సంపు అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళు నల్లగా, కదలనట్టుగా ఉన్నాయి. గోడ మీద గీసిన తెల్లగీత నీళ్ళకు పైనే ఉంది. అది మునిగితేనే భయపడాలి.

భూమి లోపల, మనుషులు బొగ్గు తీసే చోటుకు ఎడంగా, పాత ఇంక్లైన్ వాలు సొరంగం అడుగున ఉంటుంది ఆ పంపు గది. గది అనడమే గానీ అది బొగ్గులో తొలిచిన పెద్ద గూడు. సున్నం కొట్టిన గోడలు, ఒక బల్బు, కూర్చోడానికి ఒక దుంగ, ఒక ఫోను. రాతి పగుళ్ళలోంచి ఊరే నీళ్ళన్నీ వాలుకు దిగివచ్చి ఆ సంపులో చేరతాయి. వాటిని పైకి కొట్టడం అచ్యుతరావు పని. పెళ్ళయిన ఏడాది చేరాడు, ఇప్పుడు రిటైర్మెంటు దగ్గరపడింది. ఈ మధ్యలో ఏం చేశావని ఎవరైనా అడిగితే అతని దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు వచ్చాయి, కొట్టాడు. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ కొట్టాడు.

పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి. ఎప్పుడూ తడిలో ఉండడం వల్ల వేళ్ళ చివర్లు ముడతలు పడి, నానిన శనగపప్పులా తెల్లగా ఉంటాయి. మోటారు వైపు ఉండే కుడి చెవి ఎప్పుడో పోయింది. ఆ చెవి పోయినట్టు ముందుగా కనిపెట్టింది భార్య కమలకుమారి. అప్పటినుంచి ఆమె అతనికి ఎడమవైపే నడిచింది, ఎడమవైపే కూర్చుంది. ఇప్పుడు మంచం మీద పడుకున్నా అతని ఎడమ చెవికి అందేలా తల అటు తిప్పుకుంటుంది.

పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేసి, కమలకుమారి గుండె బాగా అలిసిపోయిందని, ఇంటికి తీసుకెళ్ళి మంచిగా చూసుకోమని చెప్పారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఇద్దరికీ తెలిసింది. ఆటోలో వస్తున్నంతసేపూ అచ్యుతరావు సెలవు పెడతానని ఒకటే మాట చెప్పాడు. క్వార్టర్‌కు వచ్చి, గోడకు ఆనుకుని, ఆయాసం తగ్గేదాకా ఆగి ఆమె అంది.

"సెలవెందుకండీ. పోటు వేళ నేనెక్కడికీ వెళ్ళను కదా."

ఆమెది గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఊరు. సముద్రం ఉబికి కాలువల్లోకి ఎక్కి వచ్చే వేళను అక్కడ పోటు అంటారు. వచ్చిన నీళ్ళు మళ్ళీ వెనక్కి తీసే వేళ ఆటు. పడవలు ఆటు మీదే బయల్దేరతాయి, అత్తారింటికి వెళ్ళే పిల్లా ఆటు మీదే గడప దాటుతుంది. మంచాన ఉన్న పెద్దవాళ్ళు కూడా ఆటు వేళకే కన్నుమూస్తారని, నీళ్ళు వస్తున్నంతసేపూ ప్రాణం పోదని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. అచ్యుతరావుది అక్కడికి ఎగువన కాలవ గట్టు మీది ఊరు. వరి, కొబ్బరి తప్ప సముద్రం సంగతి అతనికి తెలియదు. చంద్రుణ్ణి బట్టి, తిథిని బట్టి ఆటు ఎప్పుడు పడుతుందో చెప్పడం ఆమెకే వచ్చు.

అలా ఒక ఏర్పాటు కుదిరింది. రోజూ అతను డ్యూటీకి బయల్దేరే ముందు ఆమె వేళ్ళ కణుపుల మీద బొటనవేలు ఆనిస్తూ ఏదో లెక్క చూసుకుని చెబుతుంది. ఆటు వేళకు అతను ఇంట్లో ఉంటాడు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. పోటు వేళ నిశ్చింతగా గనిలోకి దిగుతాడు. రోజులో సగం భయం, సగం నిబ్బరం. భయం మొత్తం రోజంతా ఉంటే మనిషి తట్టుకోలేడు. సగమే కాబట్టి తట్టుకుంటున్నాడు.

ఇవ్వాళ పొద్దున చీకటి ఉండగానే, అతను సద్దిగిన్నె మూత బిగిస్తుంటే ఆమె చెప్పింది. "ఈయేల ఆటు మీరొచ్చాకేనండి. నీళ్ళు పోసుకుని కూర్చునేసరికి పడుద్ది. వెళ్ళొచ్చేయండి."

అందుకే అతను ఇంత సేపూ నెమ్మదిగా ఉన్నాడు. సద్దిగిన్నె విప్పి అన్నంలో మామిడికాయ పచ్చడి కలుపుకుని తిన్నాడు. దుంగ మీద కూర్చుని మోటారు చప్పుడు విన్నాడు. ఆ చప్పుడులో ఏ తేడా వచ్చినా చెవి కంటే ముందు అతని అరికాళ్ళకు తెలుస్తుంది. షిఫ్టు అయిపోవచ్చింది. రిలీవరు గట్టయ్య వస్తే పైకెళ్ళడమే.

వాలులోంచి ఒక దీపం ఊగుతూ దిగింది. గట్టయ్య అనుకున్నాడు. కాదు. షిఫ్టు పనులు చూసే ఓవర్‌మన్ సదయ్య. చేతికర్ర గోడకు ఆనించి, టోపీ వెనక్కి నెట్టి, సంపులోకి తొంగిచూశాడు.

"ఏం అచ్చుతన్నా, మా బొగ్గుబాయి నీళ్ళన్నీ మీ ఊరికే కొడుతున్నవ్ గదనే. రేపు రాష్ట్రం వచ్చినంక లెక్క అప్పజెప్పాలె మరి."

రాష్ట్రం ఇస్తున్నామని ప్రకటన వచ్చిన వానాకాలం అది. క్యాంటీన్లో, బస్సులో, దీపాలిచ్చే గది ముందు వరసలో, అందరికీ అదే మాట. అచ్యుతరావును చూస్తే ఈ నీళ్ళ పరాచికం ఎవరో ఒకరు ఆడుతూనే ఉన్నారు. నిజానికి అందులో అబద్ధం లేదు. పంపు కొట్టిన నీళ్ళు వాగులో పడతాయి, వాగు గోదావరిలో పడుతుంది, గోదావరి వెళ్ళి వెళ్ళి కమలకుమారి ఊరి మొగ దగ్గర సముద్రంలో పడుతుంది. ఇన్నేళ్ళలో అతను ఆ ఊరికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నిసార్లే. నీళ్ళు మాత్రం రోజూ వెళ్ళాయి.

"తీస్కపో తమ్మీ, మాకెందుకు. ఈ బొగ్గు నీళ్ళు తాగి తాగి మావోళ్ళు సుత నల్లబడ్డరు," అన్నాడు అచ్యుతరావు. గనిలో అతని మాట ఇక్కడి మాటే. ఇంట్లో అడుగుపెడితే మళ్ళీ గోదారి జిల్లా మాట. మధ్యలో సైకిలు మీద వెళ్ళే దారిలో ఏ మాటా ఉండదు.

సదయ్య నవ్వాడు. నవ్వి, నవ్వు ఆపుకుని అసలు సంగతి చెప్పాడు.

"గట్టయ్య ఇయ్యాల నాగా. బిడ్డకు జరమట. ఇంకో షిఫ్టు నువ్వే సూడాలె అన్నా."

అచ్యుతరావు నూనెగుడ్డ అందుకున్నాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా చేతులు తుడుచుకున్నాడు.

"ఇయ్యాల కాదు తమ్మీ. నేను పోవాలె."

"పైన వాన సూస్తివా? పొద్దుగాల్నుంచి తెరిపి లేదు. పంపు గిట్ట ఆగితే బొగ్గు తీసే డిప్పు మొత్తం మునుగుతది. అక్కడ మనోళ్ళు పనిల ఉన్నరు. ఎవలిని పెట్టాలె చెప్పు."

"ఎవలినన్న పెట్టు."

సదయ్య దీపం వెలుగు అచ్యుతరావు ముఖం మీద ఆగింది. ఈ మనిషి కాదు అనడం అతను ఎప్పుడూ వినలేదు. పండగ రోజు ఆపినా ఆగాడు, సమ్మె రోజుల్లో పంపు మునగకూడదని పిలిస్తే, తిట్లు పడతాయని తెలిసినా వచ్చాడు.

"ఏమైందే? వదినెకు బాగలేదా?"

"ఎప్పటి తీరే ఉన్నది."

"మరి?"

ఈ సంగతి అచ్యుతరావు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మోటారు చప్పుడు మీదుగా, కాస్త గట్టిగానే చెప్పాడు. "మా దిక్కు సముద్రం వెనక్కి గుంజే యాళ్ళ ఒకటి ఉంటది. మంచంల ఉన్నోళ్ళు ఆ యాళ్ళకే పోతరు. అప్పుడు నేను ఇంట్ల ఉండాలె."

"సముద్రం గీడ ఏడిదే?"

"లేదు."

"లేదంటివి. మల్ల?"

"ఆమె చెప్తది. నేను పోత. గంతే."

ఇంకొకడైతే ఈ మాటను పైకి తీసుకెళ్ళి నాలుగు రోజులు నవ్వించేవాడు. సదయ్య కర్ర చేతిలోకి తీసుకుని, కింద బురదలో ఊరికే రెండు గీతలు గీశాడు. అతని తల్లి పోయినప్పుడు అతను నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఆ సంగతి చెప్పలేదు. "బుచ్చన్నను తోలిస్త," అన్నాడు. "ఫిట్టింగు పని ఒడిసినంక వస్తడు. అప్పటిదాంక కదలకు అన్నా. నీ కాళ్ళు మొక్కుత." దీపం ఊగుతూ వాలులోకి ఎక్కిపోయింది.

బుచ్చన్న రాలేదు. షిఫ్టు మారినట్టుంది, పైనుంచి చప్పుళ్ళు ఆగి, కొత్త చప్పుళ్ళు మొదలయ్యాయి. అచ్యుతరావు ఫోను చేశాడు. ఎవరో ఎత్తి, వస్తుండు వస్తుండు అని పెట్టేశారు. సంపులో నీళ్ళు తెల్లగీత దగ్గరికి ఎక్కాయి. రెండో వాల్వు ఇంకాస్త తిప్పాడు. అవి దిగలేదు, ఎక్కలేదు. పంపు ఎంత కొడుతోందో వాన అంత పంపుతోంది.

అతనికి ఒక సంగతి తెలుసు. తెలిసి చాలా రోజులైంది. ఆటు అనేది రోజూ ఒకే వేళకు పడదు. రోజురోజుకీ ఆలస్యమవుతూ పోతుంది. కాలవ గట్టు మీద పుట్టినవాడికైనా ఆ మాత్రం తెలుస్తుంది. కానీ కమలకుమారి చెప్పే ఆటు, అతనిది మొదటి షిఫ్టు అయితే మధ్యాహ్నం దాటాక పడుతుంది. రెండో షిఫ్టు అయితే పొద్దున్నే పడుతుంది. రాత్రి షిఫ్టు వారమైతే పట్టపగలు. సముద్రం ఎక్కడైనా కంపెనీ షిఫ్టుల ప్రకారం నడుస్తుందా?

మొదటిసారి అర్థమైనప్పుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. అడుగుదామని నోరు తెరిచి, మజ్జిగ పోసుకున్నాడు. అడిగితే ఏమవుతుంది? ఆమెకు ఆ లెక్క ఉండదు, తనకు ఆ సగం నిబ్బరం ఉండదు. ఇద్దరూ రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. అందుకని ఆమె చెబుతూ వచ్చింది, అతను నమ్ముతూ వచ్చాడు.

నిజం కానప్పుడు ఇప్పుడీ భయం ఎందుకు అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. సంపు అంచున నిలబడి ఆలోచిస్తే తెలిసింది. నిజంగా సముద్రమే అయితే దాని పని అది చేసుకుంటుంది, ఎవరూ పట్టుకోనక్కర్లేదు. కానీ ఈ ఆటును ఇన్నాళ్ళూ ఆపుతున్నదీ వదులుతున్నదీ ఆమె. ఆ అలిసిపోయిన గుండెతో. అతను వచ్చి కూర్చునేదాకా పట్టుకుని ఉంటానని మాటిచ్చింది. ఎంతసేపని పట్టుకుంటుంది?

ఆమె ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గోదావరి చూపించడానికి తీసుకెళ్ళాడు. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. చూసి, "ఇది ఎప్పుడు వెనక్కి వెళ్ళుద్దండీ?" అని అడిగింది. ఇక్కడ అలా ఉండదని, ఒక వైపే పోతుందని చెప్పాడు.

"మరి ఇక్కడోళ్ళు పనెప్పుడు మొదలెడతారు?"

అతనికి అర్థం కాలేదు. అప్పుడు ఆమె చెప్పింది. ఆటు పడితే కాలవల్లో నేల బయటపడుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని ఆ బురదలోకి దిగుతారు. గుల్లలు ఏరతారు, గుంటల్లో ఆగిన చేపలు పడతారు. ఆ వేళకు ఊళ్ళో చంటిపిల్లల ఏడుపు కూడా ఆగుతుంది, ఎందుకంటే తల్లులు వాళ్ళను చంకనేసుకుని బురదలోనే ఉంటారు. నీళ్ళు పోయాయని ఎవరూ అనరు. నేల వచ్చింది అంటారు. అది చెబుతూ ఆమె తన పాదాల వైపు చూసుకుంది, వాటికి బురద అంటి ఉందేమో అన్నట్టు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి నిలవలేదు. మూడోసారి దవాఖాన నుంచి ఉత్తి చేతులతో వచ్చిన రోజు కూడా ఆమె గోదావరి గట్టుకు వెళ్దామంది. వెళ్ళారు. చీకటి పడేదాకా కూర్చుని వచ్చారు.

బుచ్చన్న వచ్చేసరికి తెల్లగీత సగం మునిగింది. ఒళ్ళంతా గ్రీజుతో ఉన్నాడు. "జల్ది పో అన్నా, సదయ్య చెప్పిండు," అని దుంగ మీద కూలబడ్డాడు. అచ్యుతరావు గ్లాండు వైపు వేలు చూపించాడు. "కారనియ్యి. బిగియ్యకు." అంతే చెప్పి వాలు ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇదివరకు ఎప్పుడూ ఆగలేదు.

పైన వాన. దీపం అప్పగించి, స్నానం చెయ్యకుండానే సైకిలు తీశాడు. బొగ్గు లారీలు తిరిగిన రోడ్డు నల్లటి పాకంలా ఉంది. గొడుగు లేదు. ముఖం మీది నలుపు చొక్కా మీదికి కారింది. జెండాలు కట్టుకున్న కుర్రాళ్ళ మోటారు సైకిళ్ళు కేకలతో పక్కనుంచి వెళ్ళాయి. కుడివైపు నుంచి వెళ్ళినవాటి కేకలు అతనికి వినిపించలేదు.

క్వార్టర్ మెట్ల మీద పక్కింటి సంతోషి నిలబడి ఉంది. మందమర్రి నుంచి ఈ మధ్యే కాపురానికి వచ్చిన పిల్ల. చంకలో కొడుకు రుత్విక్. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడడం, తీసి మళ్ళీ పెట్టడం, ఆ పిల్లకు తనకే తెలియని అలవాటు. అచ్యుతరావు డ్యూటీలో ఉన్నప్పుడు కమలకుమారిని చూసుకునేది ఆ అమ్మాయే.

"గింతసేపు చేస్తివేంది పెద్దనాయనా. పెద్దమ్మకు దమ్ము ఎగపోస్తున్నది. డాక్టరును పిలుస్తనంటే వద్దన్నది. మా ఆయనకు ఫోన్ జేస్తె కలుస్తలేదు. పొల్లగాణ్ణి ఏస్కొని నేనొక్కదాన్ని, నాకు భయమైతున్నది."

"ఏమన్నా తిన్నదా?"

"నీళ్ళు సుత తాగలే. నువ్వొచ్చినవా అని అడుగుడే అడుగుడు. నేనేమో కిటికిల నుంచి సూసుడు." కొడుకును ఇంకో చంకకు మార్చుకుంది.

లోపల బల్బు వేసి ఉంది. కమలకుమారి తల కింద రెండు దిండ్లు. పెదవులు పొడిబారి, గుండె దగ్గర దుప్పటి గబగబా లేస్తూ పడుతూ ఉంది. కళ్ళు మాత్రం తలుపు వైపే. అచ్యుతరావు తడిబట్టలతోనే మంచానికి ఎడమ చెవి వచ్చేలా వంగాడు.

"ఆలీసమైపోయింది కమలా. గట్టయ్య రాలేదు."

"ఏం ఆలీసం?" ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చింది. "ఇంకా పోటే ఉంది. పొద్దున లెక్క తప్పు చెప్పేనండి."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. అతని వేళ్ళ ముడతల్లోని నలుపు ఆమె తెల్లటి చర్మానికి అంటింది.

"ఎప్పుడు తీస్తది?" అని అడిగాడు. గని మాట ఇంట్లోకి వచ్చేసింది. ఆమె పట్టించుకోలేదు.

"ముందు కాళ్ళు కడుక్కుని అన్నం తినండి. మీరు తిన్నాక."

అర్థమైంది. సంతోషి పప్పూ అన్నం పెట్టిన కంచం మంచం పక్కన నేల మీద పెట్టి, పొయ్యి కట్టేశానా అని ఒకసారి వంటింట్లోకి తొంగిచూసుకుని, పిల్లవాడితో బయటి గదిలోకి వెళ్ళింది. అచ్యుతరావు కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వానకు ఇంట్లోకి చేరిన ఈగలు కంచం చుట్టూ ముసిరాయి. కమలకుమారి పక్క మీదున్న విసనకర్ర తీసుకుంది. చెయ్యి మంచం బయటికి వేలాడదీసి, కంచం మీదుగా అటూ ఇటూ కదిపింది. గాలి వచ్చేంత ఊపు లేదు. ఈగలు లేచి మళ్ళీ వాలుతున్నాయి.

అతను మెల్లగా తిన్నాడు. ఇంత మెల్లగా ఎప్పుడూ తినలేదు. ఒక్కో ముద్దనూ నీళ్ళయ్యేదాకా నమిలాడు. గనిలో ఏం జరిగిందో చెప్పాడు. సదయ్య నీళ్ళ లెక్క అడిగాడని చెబితే ఆమె పెదవి చివర కాస్త కదిలింది. చెబుతూ చెబుతూ మాటలు అయిపోయాయి. కంచంలో ఒక్క ముద్ద మిగిలింది. దాన్ని అలాగే ఉంచి కూర్చున్నాడు. అది ఉన్నంతసేపూ భోజనం అయినట్టు కాదు. రాత్రంతా ఇలాగే కూర్చోగలడు. రేపు డ్యూటీ లేదనుకుంటాడు. ఎల్లుండి కూడా.

విసనకర్ర ఆగింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. తల ఎత్తి చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. అడగడం లేదు, తొందర పెట్టడం లేదు. కానీ ఆ ఊపిరి లోపలికి వెళ్ళడానికి ఎంత బరువు ఎత్తుతోందో, బయటికి రావడానికి ఎంత బరువు దించుతోందో దగ్గర నుంచి కనిపించింది. అతను ముద్ద మిగిల్చి ఉంచినంతసేపూ ఆమె అలా ఎత్తుతూనే ఉంటుంది. అతను వదలమనేదాకా వదలదు.

అచ్యుతరావు ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత నోట్లో పెట్టుకుని మింగాడు. ఖాళీ కంచం కాస్త వంచి ఆమెకు చూపించాడు.

"అయిపోయింది కమలా."

ఆమె కళ్ళు మూసుకుంది. అతను చెయ్యి కడుక్కోవడానికి లేవలేదు. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడమ చేత్తో ఆమె నుదురు నిమిరాడు. దుప్పటి ఇంకొన్నిసార్లు లేచింది. ప్రతిసారీ కాస్త తక్కువగా. వంపు చివరికి వచ్చిన నీళ్ళలా, చప్పుడు లేకుండా.

బయటి గదిలో పిల్లవాడు నిద్రలో ఏదో గొణిగితే సంతోషి జోకొట్టింది. వాన కొంచెం తగ్గినట్టుంది. చాలాసేపటికి ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి, పెద్దనాయనా అని పిలిచి, ఏమీ అడగకుండా అక్కడే నిలబడిపోయింది. అచ్యుతరావు తల తిప్పలేదు. ఆ అమ్మాయి పిలిచింది కుడివైపు నుంచి.

మంచానికీ కంచానికీ మధ్య నేల మీద తాటాకు విసనకర్ర బోర్లా పడి ఉంది. దాని అంచుకు కమలకుమారి ఎప్పుడో కుట్టిన ఖాకీ గుడ్డ, అచ్యుతరావు పాత డ్యూటీ చొక్కాలోది, ఒక పక్క దారం ఊడి, మళ్ళీ కుడదామని గుచ్చిన సూది ఇంకా దానికే ఉంది.